ఇంట్లో పోర్ట్రెయిట్‌కు మొదటి లైటు

ఇంట్లో ఒక గదిని చిన్న స్టూడియోగా మలచుకుని, అమ్మమ్మ తాతయ్యల నుంచి పసిపిల్లల దాకా అందరి ఫొటోలనూ, ముఖ్యంగా ముఖం ప్రధానంగా కనిపించే పోర్ట్రెయిట్లను తీయాలని కోరుకునేవారు ఈ మధ్య బాగా పెరిగారు. అలాంటివారు లైటు కొనడానికి దుకాణానికి వెళ్లినప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇది ఎన్ని వాట్ల లైటు? కిట్‌లో ఎన్ని లైట్లు వస్తాయి? ఈ ప్రశ్నలు పనికిరానివని చెప్పడానికి వీల్లేదు గాని, ముఖం మీద పడే వెలుతురు ఎలా ఉంటుందన్నది వీటి మీద ఆధారపడదు. అది వేరే రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. వెలుతురు వచ్చే తలం ఎంత పెద్దది? అది ముఖానికి ఎంత దగ్గరగా ఉంది? శ్రోతలు ఈ ప్రసంగంలో గుర్తుంచుకోవలసిన విషయం ఇదొక్కటే. పెద్దదిగా ఉండాలి, దగ్గరగా ఉండాలి. మిగిలిన ఎంపికలన్నీ, అంటే ఫ్లాషా ఎల్‌ఈడీనా, గొడుగా సాఫ్ట్‌బాక్సా, ఒకటా రెండా అన్నవన్నీ, దీనికి లోబడి తేల్చుకోవలసినవే.

ఫొటోగ్రాఫర్లు వెలుతురును దాని నీడను బట్టి రెండు రకాలుగా చెబుతారు. నీడ అంచు గీత గీసినట్టు కచ్చితంగా పడితే అది హార్డ్ లైట్, అంటే కఠినమైన వెలుతురు. నీడ ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా మెల్లగా కరిగిపోతే అది సాఫ్ట్ లైట్, అంటే మృదువైన వెలుతురు. ఈ తేడా లైటు శక్తి వల్ల వచ్చేది కాదని తెలుసుకోవడానికి సూర్యుడే చక్కని ఉదాహరణ. సూర్యుని వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నందువల్ల భూమి మీద నుంచి చూసేవారికి ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున మాత్రమే కనిపిస్తాడు. అందుకే మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడ్డ మనిషి ముక్కు కింద, కళ్ల కింద నీడలు అంత నల్లగా, అంత పదునుగా పడతాయి. అదే ఎండకు మబ్బు కమ్ముకుంటే మబ్బు పరచుకున్న ఆకాశమంతా వెలుతురునిచ్చే తలంగా మారుతుంది. నీడలు దాదాపు మాయమవుతాయి. సూర్యుడు మారలేదు. ముఖానికి కనిపించే వెలుతురు వెడల్పు మారింది.

ఈ సంగతిని ఇంట్లో, ఏమీ కొనకుండానే, పరీక్షించి చూడవచ్చు. రాత్రివేళ గదిలో లైట్లన్నీ ఆర్పి, గోడకు అడుగు దూరంలో చెయ్యి పెట్టి, రెండు మీటర్ల నుంచి ఫోను టార్చి వేస్తే గోడ మీద అయిదు వేళ్ల నీడా స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఒక తెల్లటి పంచెను టార్చికీ చేతికీ మధ్య అడ్డంగా వేలాడదీసి, వెలుతురు పంచె అంతటా పరచుకునేటట్టు టార్చిని వెనక్కి జరిపితే వేళ్ల నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకబారతాయి. ఇప్పుడు టార్చిని పంచెకు బాగా దగ్గరగా తెస్తే, పంచె మీద వెలిగే భాగం చిన్నదై, నీడలకు మళ్లీ పదును వస్తుంది. తెర ఉన్నంత మాత్రాన చాలదు, తెర అంతా వెలగాలి అన్న రెండో పాఠం కూడా ఇందులోనే ఉంది. గ్రహణాల వార్తలలో వినిపించే ఉపచ్ఛాయ అనే మాటకు అర్థం కూడా ఇదే: వెలుతురులో కొంత భాగం అందుతూ, కొంత భాగం మరుగునపడిన చోటు. వెలుతురు వచ్చే తలం వెడల్పయ్యే కొద్దీ ఈ ఉపచ్ఛాయ పెరుగుతుంది. ముఖం మీద వెలుగు నీడలోకి జారే దారి పొడవవుతుంది.

కొన్ని కొలతలు చెప్పుకుంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. కెమెరా నెత్తిన బిగించే చిన్న ఫ్లాషు ముందుభాగం దాదాపు 7 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందనుకుంటే, రెండు మీటర్ల దూరంలో కూర్చున్న మనిషికి అది సుమారు 2 డిగ్రీల వెడల్పున కనిపిస్తుంది. 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్సు, అంటే ముందు తెల్ల బట్ట ఉన్న లైటు పెట్టె, ఒక మీటరు దూరంలో ఉంటే దాని వెడల్పు సుమారు 48 డిగ్రీలు. అదే సాఫ్ట్‌బాక్సును మూడు మీటర్ల దూరానికి జరిపితే 17 డిగ్రీలకు పడిపోతుంది. కొత్తగా పెద్ద సాఫ్ట్‌బాక్సు కొన్నవారు దాన్ని గది మూలలో నిలబెట్టి, ఫొటో మృదువుగా రాలేదని నిరాశపడటానికి కారణం ఇదే. పెద్దది కొన్నారు గాని దగ్గరకు తేలేదు. వాడుకలో ఉన్న మంచి కొలత ఏమిటంటే, సాఫ్ట్‌బాక్సు వెడల్పు ఎంతో ముఖానికి దాని దూరం కూడా ఇంచుమించు అంతే ఉండాలి. 90 సెంటీమీటర్ల బాక్సుకు 90 సెంటీమీటర్ల దూరం. ఫొటో చట్రంలో దాని అంచు కనిపించనంత వరకూ దగ్గరకు జరపవచ్చు.

పెద్ద తెర వల్ల నీడలే కాదు, చర్మం మీది మెరుపు కూడా మెత్తబడుతుంది. మన వాతావరణంలో నుదుటి మీద, ముక్కు మీద చెమట, జిడ్డు సహజం. చిన్న లైటు ఆ జిడ్డులో చిన్నచిన్న తెల్లని చుక్కలుగా ప్రతిఫలించి, ఆ చుక్కల్లో చర్మం రంగును పూర్తిగా చెరిపేస్తుంది. అదే వెలుతురు పెద్ద తలం నుంచి వస్తే ఆ ప్రతిఫలం విశాలంగా పరచుకుని, ప్రకాశం తగ్గి, కింద ఉన్న చామనఛాయ చామనఛాయగానే కనిపిస్తుంది. ముక్కుపుడక రాయికీ, పట్టుచీర జరీ అంచుకూ, కంటిపాపలోని మెరుపుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చర్మాన్ని తెల్లగా చూపడం పోర్ట్రెయిట్ లక్ష్యం కాదు. ఉన్న రంగును దాని నిండుదనంతో చూపడం లక్ష్యం. అందుకు వెలుతురు ఎక్కువ కానక్కర్లేదు, విశాలంగా ఉంటే చాలు.

ఫొటోగ్రఫీ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. విద్యుద్దీపాలు విస్తృతంగా వాడుకలోకి రాని 19వ శతాబ్దంలో స్టూడియోలను చాలా చోట్ల మేడ పై అంతస్తులో, గాజు పైకప్పుతో, ఉత్తరం వైపు పెద్ద గాజు గోడతో కట్టేవారు. గాజుకు తెరలు కట్టి, వాటిని లాగుతూ వెలుతురును హెచ్చించేవారు, తగ్గించేవారు. 1844లో పుట్టి 1905లో మరణించిన రాజా దీన్‌దయాళ్, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలం ప్రధానంగా పగటి వెలుతురు కాలమే. నేరుగా ఎండ పడదని ఉత్తరపు గాజు మీద యూరప్ వారికి ఉన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా చెల్లదన్నది వేరే సంగతి. తెలుగు నేల కర్కట రేఖకు దక్షిణాన ఉన్నందువల్ల వేసవిలో కొన్ని వారాలు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు, ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీలోకి కూడా ఎండ వస్తుంది.

సినిమాలో ఇదే ఆలోచనను ఛాయాగ్రాహకుడు సుబ్రతో మిత్రా 1956 నాటి అపరాజితో చిత్రం కోసం అమలు చేశారు. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్టుగా వేయవలసి వచ్చినప్పుడు, ఆ లోగిలి మీద తెల్లటి బట్టను చాపి, లైట్లను మనుషుల మీదికి కాక ఆ బట్ట మీదికి తిప్పి, అక్కడి నుంచి తిరిగివచ్చే వెలుతురుతో చిత్రీకరించారు. ఆకాశం నుంచి లోగిలిలోకి దిగే పగటి వెలుతురుకు అది ప్రతిరూపం. బౌన్స్ లైటింగ్ అని నేడు పిలిచే పద్ధతితో ఆయన పేరు ఇలా ముడిపడింది. ఇంట్లో తెల్లని గోడ మీదికి ఫ్లాషును తిప్పి ఫొటో తీసే ప్రతి ఒక్కరూ చేస్తున్నది ఈ పనే. సాఫ్ట్‌బాక్సు ఇంకా కొననివారు ఈ పద్ధతితోనే మొదలుపెట్టవచ్చు, గోడ తెల్లగా ఉంటే.

శ్రోతలారా, ఇక దూరం విషయం. లైటు దగ్గరగా ఉండాలనడానికి మృదుత్వం ఒక కారణం కాగా, వెనక గోడ రెండో కారణం. వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందన్నది భౌతికశాస్త్రంలో బడిపిల్లలు చదువుకునే సూత్రం; అంటే దూరం రెట్టింపైతే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. చాలా పెద్ద సాఫ్ట్‌బాక్సుకు మరీ దగ్గరలో ఈ లెక్క అక్షరాలా పొసగకపోయినా అంచనాకు చాలినంత సరిగానే ఉంటుంది. లైటు ముఖానికి ఒక మీటరు, వెనక గోడకు రెండు మీటర్ల దూరంలో ఉంటే గోడకు అందేది ముఖానికి అందిన దానిలో నాలుగో వంతు; తెల్లని గోడ కూడా ఫొటోలో బూడిదరంగుకు దిగి, ముఖం దాని నుంచి విడివడి ముందుకు వస్తుంది. అదే లైటును వెనక్కి జరిపి, ముఖానికి మూడు మీటర్లు, గోడకు నాలుగు మీటర్లు చేస్తే గోడకు సగానికి పైగా వెలుతురు అందుతుంది; గోడ మీది క్యాలెండరు, స్విచ్‌బోర్డు, మేకులు అన్నీ ముఖంతో పోటీపడతాయి. అంటే ఖరీదైన నేపథ్య తెర కొనకుండానే, లైటును ముందుకు, వెనక్కు జరపడం ద్వారా గోడ రంగును కొంతవరకు అదుపులో ఉంచవచ్చు. అయితే దగ్గరతనానికీ హద్దు ఉంది. అర మీటరు లోపలికి వస్తే ముఖంలో లైటువైపు చెంపకూ అవతలి చెవికీ మధ్య తేడా విపరీతమవుతుంది.

ఇప్పుడు ఫ్లాషా, ఎల్‌ఈడీనా అన్న ప్రశ్నకు రావచ్చు. ఎల్‌ఈడీ నిరంతరం వెలిగే లైటు, దాని శక్తిని వాట్లలో చెబుతారు. స్టూడియో ఫ్లాషు సెకనులో వెయ్యో వంతు మేరకు మాత్రమే వెలిగి ఆరిపోయే లైటు, దాని శక్తిని వాట్-సెకన్లలో, అంటే జౌళ్లలో చెబుతారు. కుళాయి సన్నధారను ఒక్క క్షణం పట్టుకోవడానికీ, నిండు బకెట్టును ఒక్కసారి గుమ్మరించడానికీ ఉన్న తేడా వీటి మధ్య ఉంది. లెక్క చూస్తే, 60 వాట్ల ఎల్‌ఈడీ ముందు కెమెరా షట్టరు సెకనులో 125వ వంతు తెరుచుకున్నప్పుడు, ఆ కాస్త వ్యవధిలో లైటు ఖర్చు చేసే శక్తి దాదాపు అర జౌలు. 200 వాట్-సెకన్ల ఫ్లాషు పూర్తి శక్తితో ఒకసారి వెలిగితే 200 జౌళ్లు. రెండింటిలోనూ విద్యుత్తు వెలుతురుగా మారే నిష్పత్తి ఒకటి కాకపోయినా, తేడా వందల రెట్లలోనే ఉంటుంది. కొత్తవారు వాట్లనూ వాట్-సెకన్లనూ ఒకే కొలతగా భావించి, 60 వాట్ల ఎల్‌ఈడీనీ 60 వాట్-సెకన్ల ఫ్లాషునూ సమానంగా చూడటం తరచుగా జరిగే పొరపాటు.

ఈ తేడా ఆచరణలో ఎలా కనిపిస్తుంది? ఫ్లాషు వాడేవారు కెమెరా ఐఎస్‌ఓను, అంటే వెలుతురు పట్ల కెమెరా చూపే స్పందనను, 100 దగ్గర ఉంచి, ఎఫ్ 8 వంటి చిన్న లెన్సు ద్వారంతో, సెకనులో 125వ వంతులో ఫొటో తీయగలరు. ఆ అమరికలో గదిలోని ట్యూబులైటు వెలుతురు ఫొటోలో ఇంచుమించు నమోదే కాదు. కదిలే పిల్లలు కూడా ఫ్లాషు ముందు నిలిచిపోయినట్టు స్పష్టంగా వస్తారు. ఎల్‌ఈడీ వాడేవారు ఐఎస్‌ఓను 400కో 800కో పెంచి, ద్వారాన్ని మరింత తెరిచి, గదిలోని ఇతర దీపాలను ఆర్పి ఫొటో తీయవలసి ఉంటుంది. దీనికి బదులుగా ఎల్‌ఈడీ ఒక గొప్ప మేలు చేస్తుంది: నీడ ఎక్కడ పడుతుందో ఫొటో తీయకముందే కంటికి కనిపిస్తుంది. నేర్చుకునేవారికి ఇది గురువు పక్కన ఉన్నంత సాయం. లైటును ఒక జానెడు పక్కకు జరిపితే ముక్కు నీడ ఎలా కదిలిందో చూస్తూ నేర్చుకోవచ్చు. వీడియో కూడా తీయవచ్చు. ఫ్లాషుతో ఆ పని కాదు.

నిర్ణయం కెమెరాను బట్టి తీసుకోవడం మంచిది. ఫోనుతో ఫొటోలు తీసేవారికి ఎల్‌ఈడీ ఒక్కటే ఆచరణయోగ్యమైన దారి, ఎందుకంటే చాలా ఫోన్లు బయటి ఫ్లాషును తమ షట్టరుతో జతకట్టి వెలిగించలేవు. వీడియో ముఖ్యమనుకునేవారికీ ఎల్‌ఈడీయే. నెత్తిన ఫ్లాషు గాడి ఉన్న కెమెరా చేతిలో ఉండి, ఫొటోలే లక్ష్యమైనవారికి మాత్రం ఫ్లాషు మేలైనది. కెమెరా నెత్తిన బిగించే, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్లాషు, అంటే స్పీడ్‌లైటు అయినా సరే, 100 నుంచి 200 వాట్-సెకన్ల స్టూడియో ఫ్లాషు అయినా సరే, ఇంటి గదికి చాలినంత శక్తి ఉంటుంది. ఇక్కడ దుకాణదారులు అరుదుగా చెప్పే ఒక విషయం ఉంది. లైటును మీటరు లోపలికి తెచ్చినప్పుడు శక్తి చాలకపోవడం కన్నా ఎక్కువైపోవడమే సమస్య అవుతుంది. నేపథ్యాన్ని మసకపరచడానికి ఎఫ్ 2.8 వంటి పెద్ద ద్వారం వాడాలనుకుంటే ఫ్లాషును బాగా తగ్గించవలసి ఉంటుంది. కొన్ని నమూనాలు పూర్తి శక్తిలో 32వ వంతు దగ్గరే ఆగిపోతాయి, కొన్ని 128వ వంతు దాకా, అంతకన్నా కిందికి కూడా దిగుతాయి. ఇంటి కోసం కొనేవారు ఆ లైటు ఎంత ఎక్కువ ఇస్తుందని కాదు, ఎంత తక్కువకు దిగుతుందని అడగాలి.

ఫ్లాషు కొన్నవారికి ట్రిగ్గరు కూడా కావాలి. కెమెరా నెత్తిన బిగించి, రేడియో సంకేతంతో దూరంలోని ఫ్లాషును వెలిగించే చిన్న పరికరం అది. మామూలుగా షట్టరు వేగం సెకనులో 200వ వంతు దాటకూడదు; దాటితే చాలా కెమెరాలలో ఫొటోకు ఒక అంచున నల్లటి పట్టీ పడుతుంది. అది లైటు లోపం కాదు, షట్టరు పూర్తిగా తెరుచుకుని లేని సమయంలో ఫ్లాషు వెలగడం.

రంగు గురించి రెండు మాటలు అవసరం. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. సంఖ్య తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలి ఛాయ. పాతకాలపు బల్బు 3000 కెల్విన్‌ల లోపు, ఫ్లాషు దాదాపు 5500, మన ఇళ్లలోని తెల్ల ట్యూబులైటు చాలావరకు 6500. ఎల్‌ఈడీతో ఫొటో తీస్తూ ట్యూబులైటును కూడా వెలగనిస్తే ముఖం ఒక పక్క ఒక రంగులో, మరో పక్క మరో రంగులో వస్తుంది. దాన్ని తర్వాత సరిదిద్దడం చాలా కష్టం. పైగా 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఆ మినుకు కంటికి తెలియదు గాని ఫొటోలో చారలుగా పడుతుంది. షట్టరును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మారిస్తే చారలు పోతాయి, కాని ఆ దీపాన్ని ఆర్పేయడం అంతకన్నా సులభం.

ఎల్‌ఈడీ కొనేవారు సీఆర్‌ఐ అనే సంఖ్యను కూడా చూడాలి. ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కు ఇచ్చే కొలత అది. 95, అంతకన్నా ఎక్కువ ఉన్నవి మంచివి. అయితే ఈ సంఖ్య ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అనే విలువ అందులో కలవదు. చర్మం కింద ప్రవహించే రక్తం ఛాయ, నుదుటి కుంకుమ, ఎర్ర పట్టుచీర, ఇవన్నీ ఆ ముదురు ఎరుపు మీదనే ఆధారపడతాయి. ఆర్9 తక్కువగా ఉన్న లైటు కింద ముఖం పాలిపోయినట్టు వస్తుంది. పెట్టె మీద సీఆర్‌ఐ ఒక్కటే ఉండి ఆర్9 లేకపోతే, ఆ విలువ ఎంతో అడిగి, 90కి పైగా ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది. ఫ్లాషులోని జెనాన్ గొట్టం వెలుతురు పగటి వెలుతురుకు దగ్గరగా ఉంటుంది గనుక ఫ్లాషు కొనేవారికి ఈ చింత లేదు.

లైటు ముందు పెట్టే తెర విషయానికి వస్తే, మళ్లీ మొదటి మాటే: పెద్దదిగా, దగ్గరగా. అన్నిటికన్నా చవక తెల్లని అంబ్రెల్లా, అంటే స్టూడియో గొడుగు. 100 సెంటీమీటర్ల గొడుగు ఎంతో మృదువైన వెలుతురునిస్తుంది, మడిస్తే చేతికర్ర అంత అవుతుంది. దాని లోపం ఏమిటంటే, వెలుతురు ముందుకే కాక నాలుగు వైపులా చిమ్ముతుంది. చిన్న గదిలో ఆ వెలుతురు గోడలకు తగిలి తిరిగి వస్తుంది. గోడ లేత ఆకుపచ్చదో గులాబీదో అయితే ఆ రంగు చెంపకు అంటుకుంటుంది. సాఫ్ట్‌బాక్సు అంటే లోపల వెండి పూత, ముందు తెల్ల బట్ట, చుట్టూ నల్ల బట్ట ఉన్న సంచి వంటి పెట్టె. వెలుతురు ముందుకు మాత్రమే వస్తుంది. రంగు గోడలున్న ఇంటికి ఇదే సరైనది. ముందు బట్టకు తోడు లోపల మరో పలచని బట్ట ఉన్నది ఎంచుకుంటే తెర అంతా సమానంగా వెలుగుతుంది. పంచె పరీక్షలో తేలినట్టు, మధ్యలో మాత్రమే వెలిగే పెద్ద తెర నిజానికి చిన్న తెర కిందే లెక్క.

కొలత ఎంత ఉండాలన్నది గది ఎత్తును బట్టి తేలుతుంది. 120 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్సు మధ్యభాగాన్ని నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున నిలబెడితే దాని పై అంచు 2.6 మీటర్లకు చేరుతుంది, సీలింగు ఫ్యాను రెక్కలు కూడా చాలా ఇళ్లలో ఇంచుమించు అదే ఎత్తున ఉంటాయి. 90 సెంటీమీటర్ల ఎనిమిది పలకల సాఫ్ట్‌బాక్సు చాలా గదులకు సరిపోతుంది. మనిషిని నిలబెట్టకుండా స్టూలు మీద కూర్చోబెడితే లైటు కూడా కిందికి దిగుతుంది, ఇబ్బంది తీరుతుంది. ఏదేమైనా లైటు పెట్టేటప్పుడు ఫ్యాను ఆపివేయాలి. స్టాండు మీద పొదుపు చేయకూడదు. సన్నని స్టాండు మీద పెద్ద సాఫ్ట్‌బాక్సు ముందుకు ఒరుగుతుంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో అది ప్రమాదం. స్టాండు కాళ్లలో ఒకదాన్ని లైటు ఒరిగే దిక్కుకు తిప్పి, దాని మీద ఇసుక నింపిన సంచిని వేయాలి. స్టూడియో ఫ్లాషును ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో విప్పి బాగుచేయబోకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

లైటుకు సాఫ్ట్‌బాక్సును తగిలించే గాడిని మౌంటు అంటారు. బోవెన్స్ మౌంటు ఉన్న లైటును ఎంచుకోవడం మంచిది. బోవెన్స్ అనే బ్రిటిష్ సంస్థ 2017లో మూతబడినా, అది రూపొందించిన గాడిని ఎందరో తయారీదారులు వాడుతున్నందువల్ల, ఒక సంస్థ లైటుకు మరో సంస్థ సాఫ్ట్‌బాక్సు సులభంగా అమరుతుంది. లైటు మారినా సాఫ్ట్‌బాక్సు మిగులుతుంది.

ప్రకటనల్లో కనిపించే అంకెలను కాస్త పరిశీలించి నమ్మాలి. ఎల్‌ఈడీ పెట్టె మీద ఇన్ని వాట్లకు సమానం అని రాసి ఉంటే, ఆ సమానత్వాన్ని వదిలి అసలు ఎన్ని వాట్లు ఖర్చు చేస్తుందో చూడాలి. లక్స్ అని వెలుతురు కొలత ఇచ్చి ఉంటే, అది తరచుగా వెలుతురును ఒకచోట కేంద్రీకరించే గిన్నె వంటి రిఫ్లెక్టరుతో కొలిచినది అయి ఉంటుంది. సాఫ్ట్‌బాక్సు తొడిగాక అందులో చాలా భాగం మిగలదు. స్పీడ్‌లైటుకు గైడ్ నంబరు ఇస్తారు. ఐఎస్‌ఓ 100 దగ్గర ఆ సంఖ్యను దూరంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. అంటే గైడ్ నంబరు 40 అయితే అయిదు మీటర్ల దూరంలో ఎఫ్ 8. కాని ఆ సంఖ్యను సాధారణంగా ఫ్లాషు తలను బాగా జూమ్ చేసిన స్థితిలో ప్రకటిస్తారు. సాఫ్ట్‌బాక్సు లోపల ఆ జూమ్‌తో పనిలేదు. రెండు మూడు లైట్లు, తెరలు, స్టాండ్లు అన్నీ కలిపి చవకగా ఇచ్చే బల్బుల కిట్లకు దూరంగా ఉండటం మంచిది. ఆ డబ్బుతో ఒక్క మంచి లైటు, ఒక్క పెద్ద తెర, ఒక్క గట్టి స్టాండు కొన్నవారు ఎక్కువ నేర్చుకుంటారు, మంచి ఫొటోలు తీస్తారు.

ఒక్క లైటుతో ఎలా తీయాలి? మనిషిని గోడకు ఒకటిన్నర మీటరు ముందు కూర్చోబెట్టి, లైటును ముఖానికి ఒక పక్కగా సుమారు 45 డిగ్రీల కోణంలో, కంటి మట్టం కన్నా కాస్త ఎత్తున పెట్టి, కొద్దిగా కిందికి వంచితే చాలా ముఖాలకు నప్పుతుంది. అవతలి చెంప మీద, కంటి కింద చిన్న వెలుగు త్రికోణం పడితే దాన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చిత్రాలలో కనిపించే వెలుతురు తీరును బట్టి ఆ పేరు వచ్చింది. లైటును మరీ ఎత్తున పెడితే కంటి గుంటల్లో నీడ నిండుతుంది. సీలింగు దీపం కింద తీసిన ఫొటోల్లో కళ్లు నిర్జీవంగా కనిపించడానికి కారణం అదే. కళ్లజోడు పెట్టుకున్నవారి అద్దాల్లో సాఫ్ట్‌బాక్సు తెల్లగా ప్రతిఫలిస్తే, లైటును ఇంకొంచెం పక్కకు, పైకి జరపాలి, లేదా గడ్డం కాస్త దించమని చెప్పాలి. తాతయ్య కళ్లజోడు తీయించి ఫొటో తీయడం పరిష్కారం కాదు. ఆ కళ్లజోడుతోనే ఇంటివారంతా ఆయనను ఎరుగుదురు.

నీడవైపు చెంప మరీ చీకటిగా ఉంటే రెండో లైటు అక్కర్లేదు. ఒక తెల్లని థర్మాకోల్ షీటును ఆ పక్కన, చట్రం బయట నిలబెడితే, అది సాఫ్ట్‌బాక్సు వెలుతురును తిరిగి చెంప మీదికి పంపుతుంది. సినిమా సెట్లలో దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. షీటును దగ్గరకు తెస్తే నీడ తేలికవుతుంది, దూరం చేస్తే చిక్కబడుతుంది. అదే చోట నల్ల గుడ్డ వేలాడదీస్తే చెంప మరింత కోసుగా, లోతుగా కనిపిస్తుంది. ఒక లైటు, ఒక థర్మాకోలు, ఒక నల్ల గుడ్డతో నెలల తరబడి సాధన చేసేంత వైవిధ్యం ఉంది.

రెండో లైటు అవసరం ఎప్పుడు వస్తుందో ఫొటోలే చెబుతాయి. నల్లని జుట్టు చీకటి నేపథ్యంలో కలిసిపోయి, తల ఎక్కడ ముగిసిందో, జడ ఎక్కడ మొదలైందో తెలియనప్పుడు, వెనక నుంచి ఒక పక్కగా జుట్టు అంచును వెలిగించే చిన్న లైటు కావాలి. దానికి పెద్ద తెర అక్కర్లేదు, ఎక్కువ శక్తీ అక్కర్లేదు. చిన్న స్పీడ్‌లైటు లేదా చిన్న ఎల్‌ఈడీ చాలు. వెలుతురు నేరుగా లెన్సులోకి రాకుండా దాని కెమెరావైపు అంచున ఒక నల్ల అట్టను అతికించి, ముఖం మీద పడే ప్రధాన లైటు కన్నా తక్కువ ప్రకాశంలో ఉంచాలి.